జత మారిన బూట్లు

బూట్ల అత్త నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఎవరింట్లో పోట్లాట జరిగినా, తెగిన చెప్పు కుట్టించుకునే నెపంతో ఆమె కొట్టు ముందు కాసేపు కూర్చుంటే చాలు, మొదట ఎవరు నోరు జారారో కూడా తెలిసిపోతుంది. అలాంటి మనిషి ఒక్క మాటను మాత్రం ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుందంటే నమ్మేవాళ్ళు లేరు.

ఆమె అన్న సైన్యంలో చేరాడు, తిరిగి రాలేదు. పెట్టె మాత్రం వచ్చింది. అందులో ఓ జత నల్ల బూట్లు. వాటిని చూసిన తల్లి మంచమెక్కింది, అన్నం మానేసింది. ఓ ఆదివారం పొద్దున తనంతట తనే లేచి, బూట్లకి పాలిష్ పెట్టి, "ఇంత అన్నం పెట్టవే" అంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆదివారమంటే బూట్ల పనే. ఆవిడ పోయాక కుడి బూటు అత్త వంతు, ఎడమది మేనల్లుడి వంతు అయింది. తండ్రి పోయేనాటికి వాడింకా తల్లి కడుపులోనే ఉన్నాడు. ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు, జుట్టు నెరుస్తోంది, అయినా పాలిష్ గుడ్డ చేతిలోకి వస్తే చంటిపిల్లాడే. "ఏం నాన్నా, ఎలా ఉన్నావ్?" అని బూటును పలకరిస్తాడు. ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకోడు.

అత్త ఆ బూట్లను వచ్చిన రోజే తిరగేసి చూసింది. చెప్పుల కొట్లో పుట్టి పెరిగిన పిల్ల, చూడకుండా ఎలా ఉంటుంది! అన్న నడకకి మడమ ఎప్పుడూ బయటివైపే అరిగేది. తనే ఎన్నోసార్లు కొత్తది వేసిచ్చింది. ఈ బూట్లు లోపలివైపు అరిగాయి. ఎక్కడో పెట్టెలు సర్దేటప్పుడు జతలు మారాయన్నమాట. తల్లికి చెబుదామనుకుంటూ ఉండగానే ఆవిడ అన్నం అడిగింది. ఇంకేం చెబుతుంది? లేచి అన్నం వడ్డించింది.

ఇప్పుడు వీధి చివర హాల్లో, సైన్యంలో పనిచేసినవాళ్ళ గుర్తుగా అద్దాల బీరువా పెడుతున్నారు. బూట్లు ఇమ్మన్నారు, కింద పేరు చెక్కిన రేకు పెడతామన్నారు. మేనల్లుడి కాళ్ళు నేలమీద ఆగలేదు. అత్తకి ముద్ద దిగలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది ఇంటి గుట్టు. నలుగురి ముందూ అన్న పేరు తగిలిస్తే, ఎవరో కన్నబిడ్డకి మిగిలిన ఆ కాస్త ఆనవాలూ తను లాగేసుకున్నట్టే. నిజం చెబితే వీడికి తండ్రి మళ్ళీ పోయినట్టే.

ఆదివారం గుడ్డ పట్టుకుని కూర్చున్నాక, అత్త ఇక ఆగలేకపోయింది.

"ఒరేయ్, ఇవి మీ నాన్నవి కావురా."

"మతి పోయిందా అత్తా?"

ఆమె బూటు తిరగేసి మడమ చూపించింది, అన్న నడక గురించి చెప్పింది. వాడి మొహం పాలిపోయింది.

"అంటే ఇన్నేళ్ళూ నేను మాట్లాడింది ఎవరితో?"

"మీ నాయనమ్మ బతకాలని నోరు మూసుకున్నానురా. ఆ తర్వాత నిన్ను చూస్తే నోరు రాలేదు."

వాడు విసురుగా లేచి వెళ్ళిపోయాడు. ముక్కుమీద కోపం, అచ్చం తండ్రిదే. అత్త ఎడమ బూటు కూడా తనే తుడిచి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు కొట్టు తీసేసరికి వాడు బయట నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి, బేరానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్లమీద కూర్చున్నాడు.

"హాలు వాళ్ళకి చెప్పొచ్చాను. బూట్లు ఇస్తాం గానీ నాన్న పేరు వద్దన్నాను. ఎవరో తెలియని సైనికుడివి అని రాస్తారట."

"మంచి పని చేశావు నాన్నా."

"మరి మా నాన్నవి ఎటు పోయుంటాయి?"

"ఈ బూట్లు ఎవరివో వాళ్ళ ఇంటికే చేరుంటాయి."

"తమవాడివి కావని వాళ్ళకి తెలుసంటావా?"

"ఏం తెలుస్తుందిరా, వాళ్ళకి చెప్పుల కొట్టు ఉందా? తమ బిడ్డవే అనుకుని కళ్ళకద్దుకుని దాచుకుని ఉంటారు."

వాడు బల్లకింద ఉన్న ఓ పాత చెప్పు తీసి, మడమ తిరగేసి చూశాడు.

"అయితే అత్తా, మా నాన్నకి ఇంకో ఇల్లు కూడా ఉందన్నమాట," అన్నాడు.