పార్లమెంటు కమిటీకి నాయిన చెప్పిన లెక్క

పొద్దు గూకే వేళయితే చాలు, మా ఇంట్లో ఎవరికీ పని మీద మనసు నిలిచేది కాదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. ఎక్కడైనా లారీ బ్రేకు కీచుమంటే చేతిలో ఉన్నది ఉన్నట్టే కింద పడేసి వాకిట్లోకి ఉరికేది. వెనకాలే నేను. నాయిన ఇంకా మందను తోలుకుని రోడ్డు దాటలేదన్నమాట.

మాది కట్టంగూరు దగ్గర, హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు పక్కన ఊరు. ఇళ్లు, గొర్ల దొడ్లు రోడ్డుకు ఇటు పక్క. గుట్ట, చెరువు, మేత అటు పక్క. గొర్లు కాసే ఇళ్లు మావి ఐదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఐదు మందలూ ఆ రోడ్డు దాటాల్సిందే. అవతల చౌరస్తా దగ్గర రోడ్డు కింద నుంచి దారి ఉంది కదా అనేవాళ్లు ఆఫీసర్లు. ఉంది, ఎవరు కాదన్నారు? అక్కడిదాకా పోవాలంటే మంద పత్తి చేన్లలోంచి, హోటళ్ల ముందు నుంచి పోవాలి. ఏ రైతు ఊరుకుంటాడు?

రాష్ట్రం వచ్చిన కొత్తలో మా చిన్నాయన, అంటే నాయిన తమ్ముడు, ఆ రోడ్డు మీదే పోయాడు. రోడ్డు నడిమి గోడ పక్కన ఒక గొర్రెపిల్ల ఇరుక్కుంటే దాన్ని లాగడానికి వంగాడు. బస్సు వచ్చింది. పిల్ల బతికింది. ఆ తర్వాత నాయిన ఒక్కడే మందను దాటించేవాడు. నేను సాయం వస్తానంటే కట్టె పట్టుకుని కొట్టడానికి వచ్చేవాడు.

కొన్నేళ్లకు ఆ రోడ్డును ఇంకా వెడల్పు చేస్తారని వార్త వచ్చింది. మొదట వచ్చిన నక్షాలో మా ఊరి దగ్గర అండర్‌పాస్ ఉంది. సర్పంచ్ మామ దాన్ని ఫోన్లో అందరికీ చూపించాడు. అమ్మ ఆ బొమ్మను వేలితో పెద్దది చేసి చేసి చూసింది. రెండోసారి వచ్చిన నక్షాలో అది లేదు. ఎందుకు లేదో చెప్పే దిక్కు లేదు. నల్లగొండ పోతే హైదరాబాద్ అన్నారు, హైదరాబాద్ పోతే ఢిల్లీ అన్నారు. నాకు కడుపు మండిపోయేది. మా ఇంట్లో నా నోటికి పేరుంది, అయినా ఎవరి మీద అరవాలో తెలియలేదు.

అప్పుడే తెలిసింది, రోడ్ల కోసం సర్కారు డబ్బు ఎట్లా అడుగుతోంది, ఎక్కడ ఖర్చు పెడుతోంది, అడిగింది ఎందుకు మానుకుంది అని నిలదీసే ఎంపీల కమిటీ ఒకటి పార్లమెంటులో ఉంటుందని. ఆ కమిటీ మా రోడ్డు చూడటానికి వస్తోంది, మా ఊరి దగ్గర కాసేపు ఆగుతుంది. ఆ వార్త తెచ్చిన సర్పంచ్ మామ నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"బిడ్డా, వాళ్లంత హిందీల మాట్లాడుతరట. బడిల హిందీ చెప్తున్నవ్ గద, మన మాట జర నువ్వే చెప్పాలె."

నేను కట్టంగూరులో ఒక ప్రైవేటు బడిలో హిందీ టీచర్ని. చెప్తానన్నాను. ఇంత పెద్ద మనుషులు మన గోస వినడానికి వస్తున్నారు, ఇంకేం కావాలి అనుకున్నాను.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే మండలాఫీసు నుంచి ఒకాయన మోటర్ సైకిల్ మీద వచ్చి దొడ్ల దగ్గర నిలబడ్డాడు. "ఇయ్యాల జీవాలు రోడ్డెక్కొద్దు. పెద్దోళ్లొస్తున్నరు. అడ్డమొస్తే మా నౌకరీలు పోతయ్," అన్నాడు. మావాళ్లు మారుమాట లేకుండా సరేనన్నారు. పైగా చుట్టాలొస్తే చేసినట్టు రోడ్డు పక్కన ఊడ్చి, గొర్ల పెంటికలన్నీ ఎత్తిపోసి, నీళ్లు చల్లారు. నేను నెత్తి కొట్టుకున్నాను. "అయ్యో, వాళ్లకు చూపియ్యాల్సిందే గది గద! ఊడుస్తరేంది?" అంటే మా చిన్నమ్మ, ఆ పోయిన చిన్నాయన భార్య, నన్నే కసిరింది. "పెద్దోళ్లు పెంటికల తొక్కుకుంట రావాల్నా ఏందే? ఇజ్జత్ లేదా మనకు?"

కార్లు బారుగా వచ్చి ఆగాయి. షామియానా కింద కుర్చీలు, నీళ్ల సీసాలు. కమిటీకి పెద్ద ఒక ముసలావిడ. నూలు చీర, కళ్లద్దాలు, నవ్వు లేని ముఖం. పక్కన ఇంకొందరు ఎంపీలు. వెనక రాసుకునే మనిషి. ఎదురుగా రోడ్ల ఆఫీసు ఇంజనీరు. ఆమె ముందు ఇంజనీరునే పట్టుకుంది. ఇక్కడ అండర్‌పాస్ కోసం డబ్బు కావాలని మీ శాఖే అడిగింది, తర్వాత మీరే వద్దన్నారు, ఎందుకు? ఆయన కాగితాలు తిప్పాడు. సర్వే చేయించాం మేడం, ఇక్కడ దాటే జీవాలు చాలా తక్కువని తేలింది, అంత ఖర్చు దండగ అని తీసేశాం అన్నాడు.

తక్కువా?

ఆమె మా వైపు తిరిగింది. గొర్లు కాసేవాళ్లలో పెద్దమనిషి ఎవరని అడిగింది. మావాళ్లు నాయినను ముందుకు తోశారు. ఆయన గొంగడి భుజాన వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీ దగ్గర ఎన్ని జీవాలున్నాయి అని అడిగింది ఆమె. నేను తెలుగులో చెప్పాను. ఏం జవాబొస్తుందో నాకు తెలుసు.

మా ఇళ్లల్లో మంద లెక్క పరాయివాళ్లకు చెప్పరు. ఇంట్లో కూడా వేలు చూపించి లెక్కపెట్టరు. లెక్క నోటి నుంచి బయటపడితే దిష్టి తగులుతుందని, మంద కరిగిపోతుందని భయం. ఎవరడిగినా ఉన్నదాన్ని గోరంత చేసి చెప్పడమే మాకు తెలిసిన పద్ధతి. అడిగేది సంతలో బేరగాడైనా, ఢిల్లీ నుంచి వచ్చిన ఎంపీ అయినా అంతే.

"ఏడియమ్మా," అన్నాడు నాయిన. "ఏదో పదో పరకో ఉన్నయ్."

మిగతా నలుగురూ తలలూపారు.

"నాయినా, నిజం చెప్పు," అన్నాను మెల్లగా. "గీ మాటే రాసుకుంటరు."

"చెప్పిన గద," అని కళ్లెర్రజేశాడు.

పళ్లు బిగబట్టి ఆ మాటే హిందీలో చెప్పాను. ఇంజనీరు ముఖం తేటపడింది. వెనక మనిషి రాసుకున్నాడు. అయితే మీ సర్వే సరైనదే అంటూ ఆమె కుర్చీలోంచి లేవబోయింది. డ్రైవర్లు కార్ల దగ్గరికి ఉరికారు. అంతే, అయిపోయింది. రేపటి నుంచి మళ్లీ అదే రోడ్డు, అదే చీకటి, అదే లారీలు. చిన్నాయనను గోనెపట్టాలో ఎత్తుకొచ్చిన రోజు కళ్లముందుకొచ్చింది. ఈసారి ఆ పట్టాలో నాయిన.

"ఝూట్!" అని అరిచాను.

అందరూ ఆగారు. నా నోరు మాత్రం ఆగలేదు. మేడం, మా నాన్న అబద్ధం చెబుతున్నాడు, మా ఒక్క మందలోనే మూడు వందలకు తక్కువ లేవు, ఇట్లాంటి మందలు ఐదున్నాయి, ఈ రోజు మీరొస్తున్నారని రోడ్డెక్కనియ్యలేదు, అదిగో ఆ దొడ్లలో అరుస్తున్నాయి వినండి అన్నాను. ఝూట్ అంటే మా పల్లెలో తెలియనివాళ్లెవరు? నాయిన ముఖం నల్లబడింది. నలుగురిలో కన్నకూతురు అబద్ధాలకోరన్నది. పైగా మంద లెక్క బయటపెట్టింది. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె మళ్లీ కూర్చుంది. నన్ను ఒకసారి, నాయినను ఒకసారి చూసి ఇంజనీరును అడిగింది. మీ సర్వేవాళ్లు ఇక్కడ ఒక సాయంత్రం నిలబడి చూశారా, లేక వీళ్లను అడిగి రాసుకున్నారా?

"అడిగే రాసుకున్నాం, మేడం," అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు పాపం.

ఆ మాట నాయినకు ఎంత అర్థమయిందో తెలియదు. అర్థమైనట్టే ఉంది. ఆయన తల తిప్పి రోడ్డు నడిమి గోడ వైపు చూశాడు. ఆమె ఈసారి నాతో కాకుండా ఆయననే, హిందీలో ఒక్కో మాట నిదానంగా పలుకుతూ అడిగింది. నీ బిడ్డ చెప్పింది నిజమేనా?

కాదంటే నేను అబద్ధాలకోరునవుతాను. అవునంటే తరతరాల కట్టు ఆయన నోటితోనే తెగుతుంది. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.

"నిజమేనమ్మా," అన్నాడు నాయిన. "లెక్క చెప్పుడు మాకు మంచిది గాదు. గందుకె చెప్పలే. నా బిడ్డ చెప్పిందే రాసుకోండ్రి."

నేను ఆ మాట హిందీలో చెప్పగానే వెనక మనిషి ముందు రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. కార్లు వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రం అమ్మ నన్ను కడిగిపారేసింది. "నోరా అది, మురుగు మోరీనా? కన్నతండ్రిని నలుగుట్ల ఝూటగాన్ని చేస్తివి గదనే!" నేనూ ఊరుకోలేదు. "మనిషి పోయినంక ఇజ్జత్ యాడ వెట్టుకుంటవ్?" అన్నాను. ఇప్పుడైనా అదే మాట అంటాను. నాయిన మాత్రం ఉప్పు, మిరపకాయలు పట్టుకుని దొడ్డి చుట్టూ తిరిగి మందకు దిష్టి తీశాడు. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, గిన్నె పక్కకు జరిపి లేచేవాడు. ఆ మౌనం భరించడం నా వల్ల కాలేదు, ఎన్నిసార్లు ఏడ్చానో.

ఆ వానాకాలం మూతివాపు రోగం వచ్చింది. గొర్ల మూతులు ఉబ్బి, మేత ముట్టక, ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. పశువుల దవాఖాన డాక్టరు సూదులేశాడు, అయినా సగం మంద పోయింది. చుట్టాలు పరామర్శకని వచ్చి నా ముఖం మీదే అన్నారు, లెక్క చెప్పిన నోరు ఇదేనా అని. నేను తలుపేసుకుని కూర్చున్నాను. బయట నాయిన గొంతు వినిపించింది.

"మూతివాపు సూర్యాపేట దాంక వచ్చింది. ఆడ ఎవరి బిడ్డ లెక్క చెప్పింది? లేవుండ్రి, ఇగ పోండ్రి."

ఆయన ఆ మాట నమ్మి అన్నాడో, నా కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి మాత్రం నాతో మాట్లాడాడు.

కమిటీ నివేదిక పార్లమెంటులో పెట్టారని తెలిసి ఫోన్లో వెతికి వెతికి చదివాను. పెద్ద పెద్ద రోడ్ల గురించి పేజీలకు పేజీలుంది. మా ఊరి పేరు లేదు. జీవాలు దాటే చోట్ల జనాన్ని అడిగి కాకుండా కళ్లతో చూసి లెక్క తీయాలి, తీసేసిన అండర్‌పాస్‌లను మళ్లీ పరిశీలించాలి అని ఒక ముక్క ఉంది. చాలా రోజులకు శాఖ జవాబిచ్చింది, పరిశీలిస్తామని. ఆ మాట విని మా సర్పంచ్ మామ తుపుక్కున ఉమ్మేశాడు. కానీ ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు వచ్చి రోడ్డు పక్కన కుర్చీలేసుకుని, చీకటి పడేదాకా మందలు దాటడం చూసిపోయారు. ఎవరినీ ఏమీ అడగలేదు.

అండర్‌పాస్ తయారయ్యేసరికి ఇంకొంత కాలం పట్టింది. మొదటిసారి మందను దాటించే రోజు ఇంటిల్లిపాదీ పోయాం. గొర్లు లోపలి నీడ చూసి బెదిరి ముందుకు కదల్లేదు. నాయిన తాను ముందు లోపలికి పోయి, వెనక్కి తిరిగి, నాలుక కొట్టి పిలిచాడు. ఒక గొర్రె కదిలింది, దాని వెనక తతిమ్మావన్నీ. పైన లారీలు దడదడలాడుతూ పోతున్నాయి. కింద మా మంద నింపాదిగా నడిచిపోయింది. నేను గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

చిన్నమ్మ ఆ గోడ మీద చెయ్యి పెట్టి నిమిరింది. "జర ముందుగాల్నే కట్టకపోయిరి," అన్నది. ఇంకేమీ అనకుండా కట్టె పట్టుకుని మంద వెనక నడిచింది.

నాయిన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమె కాస్త దూరం పోయేదాకా ఆగాడు.

"మీ చిన్నాయన ఉన్నప్పుడు, ముందుగాల గీ రోడ్డు ఏసేటప్పుడు గూడ అడగనీకె వచ్చిన్రు బిడ్డా," అన్నాడు. "ఎన్ని జీవాలు దాటుతయని. పదో పరకో అని నేనే చెప్పిన."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. అవతల వెలుతురులో చిన్నమ్మ గొర్లను అదిలిస్తూ గుట్ట వైపు పోతోంది. ఆ మాట ఆమెకు చెప్పొద్దని నాయిన నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.