ఓబులేసు సార్ సైకిలు హ్యాండిల్

ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే, లోపల బేరింగు వదులైన బండి టక్కుమంటుంది. ఇవాళ పొద్దున కొరియరు సంచి తగిలించుకున్న ఒకాయన తన బ్యాటరీ సైకిలును నా షాపు ముందు అలా ఊపి చూపించాడు. ఆ చప్పుడు వినగానే చేతిలోని స్పానరు కింద పెట్టి కూర్చుండిపోయాను. నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఆయన మంచినీళ్ళ సీసా అందించాడు. బుక్కరాయసముద్రంలో మెకానిక్ షాపు పెట్టినప్పటి నుంచీ బేరింగులు చాలానే మార్చాను, కానీ ఆ చప్పుడు వింటే నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే. ఓబులేసు సార్.

సార్ భూమిలో నీళ్ళు చూసేవారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే రకం కాదు. ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వాటికి తీగలు కలిపి, మీటరు చూసి చెప్పేవారు. ఆయన్ను మొదటిసారి చూసింది యాడికి దగ్గర మా చేనిలో. అప్పటికే నాయన వేయించిన బోర్లన్నీ ఎండిపోయాయి. నీళ్ళున్న చోట సార్ ఒక రాయి పెట్టి పోతారని అందరికీ తెలుసు. ఆయన పొద్దంతా ఎండలో కడ్డీలు మార్చి మార్చి కొడుతుంటే, నాయన ఒక రాయి ఏరుకుని చేత్తో పట్టుకుని ఆయన వెంటే తిరిగాడు. చివరికి సార్ తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టారు.

"ఇంగొక్క చోట చూడు సార్, ఆ రేగిచెట్టు పక్కన" అన్నాడు నాయన.

"చూసినానప్పా. లేదు. ఈడ యాడ ఏసినా దుమ్మే వస్తాది. ఏయొద్దు."

"నువ్వు రాయి పెట్టు సార్. ఆపైన నా కర్మ."

"నేను పెట్టను."

అంతే. ఓదార్పుగా ఒక్క మాట కూడా అనలేదు. నాయన ఆయన్ను నోటికొచ్చినట్లు తిట్టి, కొబ్బరికాయ మనిషిని పిలిపించి బోరు వేయించాడు. బోరు తవ్వే రిగ్గు తెల్లటి పొడి ఊదింది. అమ్మ తల మీద, నాయన కనురెప్పల మీద అదే పొడి. తర్వాత చేను అమ్మేసి, నాయన రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు ఇస్త్రీ చేసే పనిలో చేరాడు. సార్ పేరెత్తితే మాత్రం "ఆయప్ప ఒక్కడే నిజం చెప్పినాడు" అనేవాడు. జరగని పనిని జరుగుతుందని ఎవరికీ చెప్పకూడదన్న మొండితనం నాకు ఆ చేనిలోనే అబ్బింది.

ఏళ్ళ తర్వాత సార్ నా షాపుకే వచ్చారు. మోకాళ్ళు అరిగిపోయాయి. పనిచేసిన సంస్థ ఇచ్చిన లావు టైర్ల బ్యాటరీ సైకిలే ఆయనకు ఆధారం. గట్లూ గుట్టలూ, స్కూటరు పోని చోటికి కూడా అది పోయేది. రిటైరయ్యాక కూడా, ఎవరు పిలిస్తే వాళ్ళ చేనికి కడ్డీలు కట్టుకుని దాని మీదే పోయేవారు.

"హ్యాండిల్ టక్కుటక్కుమంటాండాది, చూడప్పా" అన్నారు.

నేనెవరో చెప్పాను. "ఆ చేనా" అని కాసేపు నా మొహం చూశారు. "ఏసినాడా?"

"ఏసినాడు సార్."

ఇద్దరమూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మోటారుసైకిళ్ళ అలవాటు కొద్దీ ముందు పైబోల్టు బిగదీశాను. కొద్దిరోజులకే మళ్ళీ టక్కుమంది. పక్క బోల్టులు వదులు చేశాకే పైది బిగించాలని తెలుసుకుని అలాగే చేశాను. అయినా ఆగలేదు. బెంగళూరు నుంచి కొత్త బేరింగులు తెప్పించి వేశాను. అవీ వదులయ్యాయి. మొత్తం విప్పి చూస్తే, ఫ్రేములో బేరింగు కూర్చునే గూడే అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి, సందులో చుట్టి బిగించాను. చప్పుడు ఆగింది. సార్ బ్రేకు పట్టి ఊపి చూసుకుని, పెద్దగా నవ్వారు. ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎండాకాలం రాకముందే చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి గ్రీజు తుడిస్తే, గూడు పక్కన ఫ్రేము మీద వెంట్రుకంత చీలిక కనిపించింది. అతికించినా నమ్మలేం. అలాంటి ఫ్రేములు ఇప్పుడెవరూ చేయడం లేదు.

"ఇంగొక్కసారి రేకు పెట్టి బిగించి చూడు" అన్నారు సార్.

"కాదు సార్. గుట్ట దిగేటప్పుడు ఇరిగిందంటే మనిషి దక్కడు."

"మెల్లగా పోతాలే. రేపు ఒకరి చేనికి పోవల్ల. రిగ్గు మాట్లాడుకున్యారంట. నేను పోకుంటే ఏసేస్తారు."

"నా బండి మీద పిల్చుకపోతా సార్."

"రేపు నువ్వు పిల్చుకపోతావు. ఆ మర్నాడు ఎవరు?" హ్యాండిల్ నా వైపు తోసి, "బిగించప్పా" అన్నారు.

"నేను బిగించను."

ఆయన మొహం చూడలేక నేల చూపులు చూశాను. చూడకపోయినా తెలుసు, ఆ రోజు మా చేనిలో నాయనకున్న మొహమే అది. సార్ అన్నారు: "మీ నాయనకు గూడా నేను ఇట్లే చెప్పినా గదా. వినేవానికి ఇంత కష్టంగా ఉంటాదని నాకు తెలీదప్పా."

సైకిలు నా దగ్గరే వదిలి ఆటో ఎక్కారు. మర్నాడు పొద్దున్నే బండి తీసుకుని ఇంటికి వెళ్ళి పిలిచాను. తలుపు తీయలేదు. ఆ చేనిలో రిగ్గు దిగిందనీ, దుమ్మే వచ్చిందనీ తర్వాత విన్నాను. సార్ మళ్ళీ ఏ చేనికీ పోలేదు. పోయిన ఎండాకాలం కన్నుమూశారు.

తప్పు చేశానా అంటే, లేదు. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. నా దిగులంతా అదే. లేని దాన్ని లేదని చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకుని, ఈ చేలల్లో ఆ మాట చెప్పే ఒకే ఒక్క మనిషిని ఇంట్లో కూర్చోబెట్టాను.

ఇవాళ వచ్చినాయన సైకిలుకు బోల్టు వదులు, అంతే. బిగించగానే చప్పుడు ఆగింది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆయన వెనకే రిగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ తాడిపత్రి వైపు పోయింది. డ్రైవరు పక్కన ఒకాయన ఒళ్ళో కొబ్బరికాయ పెట్టుకుని కూర్చున్నాడు. 'ఏయొద్దప్పా' అన్న మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. సార్ నాకు ఆ మాట ఒక్కటే ఇచ్చిపోయారు. భూమిలోకి చూడడం నాకు రాదు.