మళ్ళ చెప్పు తమ్మీ

1983 మార్చి 20, సాయంత్రం. ఇంట్లో ఉన్నది అమ్మ, అక్క, నేను.

ఆర్మూరు బజారులో బీడీ తంబాకు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. మరునాడు నా పదో తరగతి సైన్సు పరీక్ష. చదివింది పుస్తకం మూసి ఎవరికైనా అప్పజెప్పితేనే గుర్తుంటుందని మా సారు చెప్పేవాడు. బడి మొహం చూడని అక్క, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ, దగ్గుతూ, రోజూ నా పాఠాలు వినేది.

ఆ రోజు క్షయ పాఠం. "సాయంత్రం జ్వరం, విడువని దగ్గు, బరువు తగ్గడం, కఫంలో రక్తం."

"కఫమంటే ఏంది?"

"దగ్గితే పడే తెమడ, అక్కా."

అక్క చేతిలో ఆకు ఆగిపోయింది. "మళ్ళ చెప్పు తమ్మీ."

చెప్పాను. మళ్ళీ అడిగింది.

"ఎన్నిసార్లు? పరీక్ష నువ్వు రాస్తవా ఏంది?" అన్నాను.

అక్క నవ్వలేదు. "మందున్నదని రాసిండ్రా?"

"దవాఖానకు పోవాలని రాసిండ్రు."

నాకు పాఠం గట్టిగా రావాలనే అడుగుతోందనుకున్నాను.

మరునాడు పొద్దున నేను పరీక్షకు పోతే, అమ్మా అక్కా దవాఖానకు పోయారు. నాకు ఆ ప్రశ్నే వచ్చింది, తప్పు లేకుండా రాశాను. అక్కడ దవాఖానలో డాక్టరు ఏం బాధని అడిగితే, అక్క కూడా నేను చెప్పిన వరుసలోనే, ఒక్కటీ మరువకుండా అప్పజెప్పిందట.