ఇంజను లేకుండా గుట్టెక్కిన చెట్టు

మా మేనత్తను పనిలో అందరూ పట్టాలత్త అనేవాళ్ళు. ఒక ఎస్టేటులో చెరువు తవ్వి, ఆ మట్టితో గుట్ట కట్టి, దాని మీద తోట వేస్తున్నారు. మట్టి మోసే చిన్న రైలుకు పట్టాలు వేయడం మా ముఠా పని. నిచ్చెన ముక్కల్లా ఉండేవవి. నలుగురం ఎత్తి వేస్తే దారి, తీసేస్తే వట్టి నేల. ఎప్పుడూ చాలవు గనక, రైలు దాటగానే వెనక ముక్క తీసి ముందు వేసేవాళ్ళం.

మోకాళ్ళు అరిగి మా ముఠా మేస్త్రీ పని మానుకుంటున్నాడు. అత్తకు ఆ చోటు కావాలి. "చెరువులో మునిగే ఆ పెద్ద చెట్టును గుట్ట మీద నిలబెట్టు. మేస్త్రీవి నువ్వే. లేదంటే మళ్ళీ మట్టి తట్ట ఎత్తుకో పిల్లా" అన్నాడు మేస్త్రీ. నలభై దాటిన మనిషిని పిల్లా అంటుంటే నాకు ఒళ్ళు మండేది.

చుట్టూ తవ్వి, వేళ్ళకు తడి గోనెలు చుట్టి చెట్టును రెండు రైలు బండ్ల మీద పడుకోబెట్టాం. ఇంజను వెనకనుంచి తోసింది. సగం గుట్ట ఎక్కాక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, డ్రైవరు నీళ్ళు నింపుకోవడానికి ఇంజనుతో కిందికి దిగాడు. అత్త అలవాటు కొద్దీ "వెనకవి ముందుకు" అంది. మేమూ గొర్రెల్లా తీసి ముందు వేసేశాం. డ్రైవరు తిరిగొచ్చేసరికి ఇంజను కింద, చెట్టు పైన, మధ్యలో వట్టి మట్టి.

మేస్త్రీ పగలబడి నవ్వాడు. "తట్ట వెతుక్కో పిల్లా."

ఆకాశం నల్లబడింది. కొత్త మట్టి తడిస్తే చెట్టూ బండ్లూ కలిసి చెరువులోకి జారతాయి. కిందినుంచి ఇంజనుకు మళ్ళీ దారి వేసే టైము లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"తప్పు నాదే" అంది అత్త. "అయినా చక్రాలు పట్టాల మీదే ఉన్నాయిగా? తాళ్ళు తెండి. డ్రైవరన్నా, ఇవాళ ఇంజనువి నువ్వే, పట్టు."

తవ్వేవాళ్ళు, తోటమాలులు, చివరికి వంటవాళ్ళు కూడా తాడు పట్టారు. సగంమంది లాగుతుంటే సగంమంది పట్టాలు వేశాం. కాస్త లాగడం, చక్రానికి చెక్క పెట్టడం, మళ్ళీ లాగడం. డ్రైవరు అందరికంటే ఎక్కువ ఆయాసపడ్డాడు, అయినా తాడు వదల్లేదు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. కేకలు వేసి వేసి అత్త గొంతు బొంగురుపోయింది కానీ ఆమె ఆగలేదు.

చెట్టు గోతిలో నిటారుగా నిలబడింది. మట్టి పూడ్చి తొక్కామో లేదో, వాన దంచేసింది. ఎవరూ నీడకు పరిగెత్తలేదు. ఈలలు వేస్తూ అక్కడే తడిశాం. మా అత్తను చూసి నా గుండె ఉప్పొంగిపోయింది.

మేస్త్రీ కుంటుకుంటూ పైకెక్కొచ్చాడు. చెట్టును ఒకసారి నెట్టి చూశాడు. కదల్లేదు. తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు.

"మేస్త్రీగారూ, రేపు పని ఎక్కడండీ?" అని అత్తను అడిగాడు.

అత్త కళ్ళు తుడుచుకుని కిందికి చూసింది. "ముందు ఆ ఇంజనుకు దారి వేద్దాం పదండి" అంది.