పచ్చనీళ్లు

ఆ ఏడాది కెనడాలోని మిస్సిసాగాలో ఒక బేస్‌మెంట్‌లో ఏడుగురు విద్యార్థులం ఉండేవాళ్లం. కాలేజీలు మాలాంటివాళ్లతో కిక్కిరిసి, గోడౌన్‌లో షిఫ్టు దొరకడమే గగనమైపోయింది. అలాంటిది, పర్యావరణం కోర్సు చదువుతున్న నాకు వేసవికి రాకీ కొండల్లో చేపల సర్వే పని దొరికింది. నక్క తోక తొక్కావన్నారు మావాళ్లు. కొల్లేరు పక్కన మా మేనమామ చేపల చెరువుల గట్ల మీద పెరిగినవాణ్ణి, చేపల గురించి నాకొకరు చెప్పేదేమిటని నేనూ విర్రవీగాను.

పని తేలికే. వారానికోసారి నాలుగు గంటలు కొండెక్కి, పైనున్న చిన్న సరస్సులో నీళ్ల వేడి కొలిచి, రంగు చూసి, నోట్‌బుక్‌లో రాయాలి. అందులోని ట్రౌట్ చేప ఆ కొండలకే సొంతం. బయటి చేపలతో కలవని సంతతి ఆ చుట్టుపక్కల అక్కడొక్కచోటే మిగిలింది. మరుసటి ఏడు వాటి గుడ్లు తీసి వేరే సరస్సుల్లో పెంచాలని మా సూపర్‌వైజర్ ఎన్నో ఏళ్లుగా కాచుకుని ఉంది. అరవై దాటిన మనిషి, మోకాళ్లు అరిగి కొండ ఎక్కలేదు. నేను రాసిందే ఆవిడకు ఆధారం.

మొదట్లో అడుగునున్న రాళ్లు కనిపించేంత తేటగా ఉండేవి నీళ్లు. అంత తేట నీళ్లలో చేపలు ఏం తిని బతుకుతాయా అని నాకు దిగులు. జులైలో ఎండలు ముదిరి, సన్న నాచు పుట్టి నీళ్లు పచ్చబడ్డాయి. ప్రాణం లేచొచ్చి మావయ్యకు ఫోన్ చేశాను.

"పచ్చనీళ్లంటే చేపకి పెరుగన్నంరా అల్లుడూ," అన్నాడు. "మరీ చిక్కబడితే మటుకు తెల్లారుగట్ల గాలాడదు. ఏరేటర్లున్నాయా అక్కడ?"

నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఆ మిషన్లకు కొండ మీద కరెంటెక్కడిదని నవ్వాను. పచ్చదనం వారంవారం చిక్కబడుతున్నా, మూడు వారాలు వరసగా 'నీళ్లు బాగున్నాయి' అనే రాశాను.

ఆగస్టులో అడవులు తగలబడి, పొగ కమ్మేసి, నాలుగు రోజులు ఆకు కదల్లేదు. ఆ తర్వాత వెళ్తే ఒడ్డు పొడుగునా చేపలు వెల్లకిలా తేలున్నాయి. వారంపాటు వలలు వేశాం. ప్రాణమున్నది ఒక్కటీ పడలేదు.

సూపర్‌వైజర్ నోట్‌బుక్ తిరగేసి, పచ్చబడిన నీళ్లను బాగున్నాయని ఎందుకు రాశావని అడిగింది. మా చెరువుల్లో అదే మంచి రంగని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అది చెరువు కాదు కదా," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మావయ్య చెప్పినదాంట్లో నాకు నచ్చిన సగమే విన్నాను.

ఆ ఆదివారం ఆయనే ఫోన్ చేసి, మన చేపలు ఏ సైజుకొచ్చాయని అడిగాడు.

"బాగున్నాయి మావయ్యా," అన్నాను.