మాత్ర మింగిన నోరు

కాజాలక్క అంటే ఆ దర్జీల వీధిలో తెలియనివాళ్లు లేరు. చొక్కా ఎవరు కుట్టినా కాజాలు మాత్రం ఆమె చేతి మీదుగా వెళ్లాల్సిందే. నోరు కాస్త పెద్దదే గానీ అబద్ధమాడే మనిషి కాదు. అలాంటి మనిషిని నలుగురిలో దొంగను చేశారు, నాకు అక్కడే ఒళ్లు మండుతుంది.

ఆమెకు క్షయ వచ్చింది. రోజూ పొద్దున్నే అత్తగారు మాత్రలు చేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేది. ఒక్క పూటా తప్పలేదు. దగ్గు తగ్గలేదు సరికదా, మనిషి సగమైంది. మళ్లీ ఆస్పత్రికి వెళితే, డాక్టరు గది గుమ్మంలో నిలబడి బెంచీల మీదున్న జనమంతా వినేలా అరిచాడు.

"మందులు మింగకుండా పారేస్తే ఎలా తగ్గుతుందమ్మా? నీలాంటివాళ్ల వల్లే అందరికీ అంటుకునేది!"

కాజాలక్క అత్తగారి వైపు చూసింది. ఒక్క మాట చెబుతుందేమోనని. అత్తగారు తల దించుకుంది. ఇంటికొచ్చాక, "ఏమో, చెంపలో దాచావేమో" అంది. చెంపలోనట! ఈ మాట ఆమె పనిచేసే కొట్టు యజమాని చెవిన కూడా పడింది, ఇక పనికి రావద్దన్నాడు.

ఆరోజు ఆస్పత్రిలో తీసుకున్న కఫం పెద్ద ల్యాబుకు వెళ్లింది. ఫలితం వచ్చాక డాక్టరు ఆమెను లోపలికి పిలిచి, తలుపేసి, మెల్లగా చెప్పాడు.

"నీ తప్పేం లేదమ్మా. ఈ క్రిమిని ఒంట్లో కాపలా కణాలు మింగేసినా, వాటి లోపలే కాపురం పెడుతుంది. మామూలుగా మందు అక్కడిదాకా వెళ్లి చంపేస్తుంది. నీకు అంటుకున్నదాని జన్యువులో ముందే మార్పు వచ్చేసింది. మందు పట్టుకోవాల్సిన చోటే మారిపోయింది. ఎన్ని మింగినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. వేరే మందులు రాస్తాను."

"ఈ మాట బయటికొచ్చి చెప్పండి."

"ఇప్పుడు చెప్పాను కదా!"

"తిట్టింది తలుపేసుకునా?"

డాక్టరు గుమ్మంలోకి వచ్చి ఏదో గొణిగాడు.

"తిట్టినప్పుడు ఈ గొంతు కాదండీ!"

బెంచీలన్నీ ఇటు తిరిగాయి. ఆయన గొంతు సవరించుకుని, "ఈమె మందులన్నీ మింగింది. తప్పు నాది" అన్నాడు గట్టిగా. బెంచీ మీదున్న అత్తగారూ విన్నది.

మర్నాడు కొత్త మాత్ర చేతిలో పెట్టి అత్తగారు ముఖం తిప్పుకోబోయింది.

"అలా కుదరదత్తయ్యా, చూడండి" అంటూ కాజాలక్క మాత్ర మింగి, నోరు తెరిచి, నాలుకెత్తి, అలాగే నిలబడింది.

"చూశానమ్మా" అంది అత్తగారు, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని. "అప్పుడూ చూశాను."