టాంకుకు హారతి

మా బావ కన్నయ్యకు నిప్పంటే భయం. ఇందులో దాచేదేం లేదు, మా ఊరు బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో తాతలనాడు చెరకు కూలికి ఈ దీవికి వచ్చిన మా తెలుగువాళ్ళందరికీ తెలుసు. అక్క సుబ్బమ్మ పొయ్యి దగ్గర ఉంటే ఆయన గుమ్మం అవతలే నిలబడి మాట్లాడేవాడు. పక్కవాడు సిగరెట్టు వెలిగిస్తే లేచి పోయేవాడు. "యుద్ధం చూసొచ్చిన మొగోడు అగ్గిపుల్లకి దడుచుకుంటాడు" అని అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. మరదలిని, నాకు ఆ హక్కుంది.

అసలు సంగతి విన్నాకే నవ్వడం మానేశాను. యుద్ధకాలంలో తెల్లవాళ్ళ సైన్యం వెంట మా దీవి నుంచి కూడా మనుషులు ఈజిప్టు ఎడారికి వెళ్ళారు. తుపాకీ పట్టడానికి కాదు, బరువులు మొయ్యడానికి. బావను టాంకులు బాగుచేసే షెడ్డులో పెట్టారు. మా దీవిలోనే రోజ్ బెల్ ఊరి నుంచి వచ్చిన జోసెలిన్ అనే క్రియోల్ జాతి కుర్రాడు ఆయనకు జోడీ. ఒకరోజు జోసెలిన్ టాంకు లోపలికి దిగాడు. చీకట్లో జారిపోయిన స్పానరు వెతకడానికి లైటరు వెలిగించాడు.

"లెసాన్స్ ఆవిరి పైకి పోదు, గౌరీ," అన్నాడు బావ. మేము పెట్రోలును లెసాన్స్ అనే అంటాం. "అడుగునే కూకుంటాది, పాము లాగ. కనపడదు, సప్పుడు సెయ్యదు." ఆ తరవాత జోసెలిన్ ఏమయ్యాడో ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా నాకు అర్థమైంది.

అలాంటి మనిషి నెత్తిమీదకే టాంకు వచ్చిపడింది. మా ఎస్టేటు చెరకుపొలాల్లో ఎక్కడ చూసినా నల్లరాళ్ళు. పెద్ద బండలు ఎద్దులు లాగినా కదలవు. దొరలు వాటిని లాగించడానికి సైన్యం వదిలేసిన పాత టాంకులు రెండు చవగ్గా కొని, ఓడలో తెప్పించారు. ఫిరంగి ఉండే పైభాగం కోసేసి, మిగిలిన మొండాలను వర్క్‌షాపు వెనక పడేశారు. రెండూ కదలవు. ఆ ఇంజన్ల లోపల చెయ్యి పెట్టిన మనిషి ఎస్టేటు మొత్తానికి ఒక్కడే.

వర్క్‌షాపు పెద్ద మిస్యే రోజర్ బావను పిలిచి పని అప్పగించాడు. "మో పేర్, మిస్యే," అన్నాడు బావ. నాకు భయం అని మొహమ్మీదే చెప్పేశాడు. రోజర్ నవ్వి, భయమైతే ఇంటికి పొమ్మన్నాడు. ఇల్లంటే ఎస్టేటు కాంపులో గది. పని పోతే అదీ పోతుంది. అప్పటికి అక్క కడుపుతో ఉంది. అంతకు ముందు రెండు కాన్పులు దక్కలేదు. ఆయన పనిలోకి దిగాడు.

రెండు ఇంజన్లు విప్పి ఒకటి చేశాడు. బండిచక్రానికి ఆకుల్లాగ చుట్టూ సిలిండర్లున్న ఇంజను అది. రాత్రంతా ఊరుకుంటే కింది సిలిండర్లలోకి నూనె దిగుతుంది. అలాగే స్టార్టు చేస్తే లోపల విరిగిపోతుంది. అందుకని ముందు పొడుగాటి హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పాలి. బావ దానికంటే ముందే టాంకు పొట్ట కింద మూత తీసేవాడు, పైన తలుపులన్నీ తెరిచేవాడు, బోర్లా పడుకుని అడుగంతా వాసన చూసేవాడు, గుడ్డతో తుడిచి మళ్ళీ వాసన చూసేవాడు. "కుక్కవా నువ్వు?" అని రోజర్ విసుక్కునేవాడు. బావ వినిపించుకుంటేగా. ఇంజను స్టార్టయి గర్జించగానే పొలంలో మేమంతా చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆయన మొహం మాత్రం పాలిపోయి ఉండేది. పొద్దున పనికి పోతూ అక్క వైపు చూసే చూపు నాకు నచ్చేది కాదు. తిరిగి వస్తానో రానో అన్నట్టుండేది.

ఇక మా అమ్మ అప్పలమ్మ సంగతి. అమ్మకు అమ్మోరి తరవాతే ఎవరైనా. అక్క బిడ్డ నిలవాలంటే అల్లుడు నడిపే బండికి హారతి ఇస్తానని మొక్కుకుంది. "మా అయ్య ఎద్దుబండికే ఇచ్చీవోడు. ఇదేటి, రాకాసి బండి. దీనికియ్యకపోతే ఎలాగ?" అంది. బావ రెండు చేతులూ జోడించాడు. "అత్తా, దూరంగా మట్టిలో కొబ్బరికాయ కొట్టు. నిప్పు మాత్తరం దగ్గరికి తేకు." అమ్మ సరేనంది. ఆమె సరేనంటే నేను నమ్మను. బావ నమ్మాడు.

ఆ రోజు పొలంలో పెట్రోలు గొట్టం బిగింపు వదులైంది. బావ ఇంజను ఆపి, అందరినీ దూరంగా పొమ్మని, లోపలికి దిగాడు. కూలీలు అన్నాలకు వెళ్ళారు. నేను నీళ్ళ బిందెతో గట్టు మీదికి వచ్చేసరికి, అక్క అన్నం గిన్నె పట్టుకుని టాంకు పక్కనే నిలబడి ఉంది. అమ్మా అక్కా కలిసే వచ్చారట. అమ్మ అప్పటికే టాంకు పైకెక్కింది. ఆమె చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో కర్పూరం భగభగా మండుతోంది.

అమ్మ తలుపు దగ్గర వంగింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పళ్ళెం లోపలికి దించింది.

లోపలి నుంచి బావ చెయ్యి పైకి వచ్చింది. మండుతున్న కర్పూరాన్ని పిడికిట్లో పట్టి నలిపేసింది. పళ్ళెం కింద పడి రాళ్ళ మీద మోగింది. బావ పైకి వచ్చి, ముందు అమ్మను దింపి, అక్క రెక్క పట్టుకుని చెరకు వరసల దాకా ఈడ్చుకుపోయాడు. అక్కడ చతికిలబడి, కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"హారతి ఆర్పీసినాడు," అంది అమ్మ. ఆమె గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "కడుపుతో ఉన్న పెళ్ళాం ముందు అమ్మోరి హారతి ఆర్పీసినాడు."

లోపల అడుగంతా పెట్రోలు తడి అని బావ నాకు తరవాత, అదీ నేను పీకితే చెప్పాడు. అమ్మకు చెప్పనివ్వలేదు. "సెప్తే ముసల్దానికి నిద్దర పడతాదా? కూతుర్ని, కడుపులో పిల్లని... వద్దు గౌరీ. ఈ బయం నాకు అలవాటే."

అక్క కాన్పు దాకా ఇంట్లో అందరం రోజులు లెక్కపెట్టుకున్నాం. అమ్మోరు ఏ రూపంలో వస్తుందోనని అందరికీ భయమే. బావకూ అదే భయం, అందరికంటే ఎక్కువే. చివరికి ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. "నా మొక్కు వల్ల," అంది అమ్మ. బావ ఇంట్లో మాత్రం అమ్మ పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు. మా రామభజనలో దీపం చుట్టూ తిరుగుతూ పాడతాం. దీపం ఆర్పినవాడు దీపం చుట్టూ తిరగకూడదని అమ్మే తేల్చేసింది. నలుగురూ తలూపారు. ఆయన్ని భజనకు పిలవడం మానేశారు. ఏళ్ళ తరబడి ఆయన ఆ టాంకును భయపడుతూనే నడిపాడు, ఒక్క నిప్పురవ్వ రానివ్వలేదు.

మా దీవికి స్వతంత్రం వచ్చిన ఏడాది టాంకును పాత ఇనుముకు అమ్మేశారు. ఆ కబురు విని అమ్మ ఆకుకూర ఏరుతూ, "ఆర్పినోడి పాపం బండికీ తగిలింది," అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావకిచ్చిన మాట గాలికి వదిలేసి, ఉన్నదంతా కక్కేశాను. నువ్వు ఆ రోజు నీ కూతుర్నీ, మనవరాలినీ కాల్చేసేదానివి అన్నాను.

అమ్మ ఏరడం ఆపలేదు. "నాకు తెలుసే," అంది.

ఏం తెలుసు అని గద్దించాను.

"వంగినప్పుడే లెసాన్స్ వాసన గుప్పుమంది. ఎనక్కి తీసీబోయినాను. ఎలిగించిన హారతి అమ్మోరికి సూపించకుండా ఎలా తీసీడం? అలా అనుకునే దించినాను."

"మరి ఇన్నేళ్ళూ ఆయన్నెందుకు ఆడిపోసుకున్నావు?"

"ఆడి మీద కోపం ఉన్నంతసేపూ బయం రాదు. కోపం దిగిందంటే సుబ్బమ్మ కడుపే కళ్ళల్లో మెదులుతాది."

నేను తిట్టాల్సినవన్నీ తిట్టాను. ఈ మాట బావతో చెప్పమన్నాను. చెప్పలేనంది. నువ్వు చెప్పమంది. నేను చెప్పనన్నాను.

మరుసటి శనివారం భజనకు బయల్దేరుతూ అమ్మ తిన్నగా బావ గుమ్మం ముందుకెళ్ళి నిలబడింది. అక్క బిత్తరపోయి చూసింది. బావ లేచి నిలబడ్డాడు.

"కన్నయ్యా, భజనకి రా," అంది అమ్మ.

"దీపం దగ్గరికా, అత్తా?"

"నా పక్కన నిలబడు. కర్పూరం ఎలిగిస్తే నాకు కాళ్ళాడవు. అప్పట్నించీ ఇంతే. ఎవరికీ సెప్పలేదు."

బావ చొక్కా తొడుక్కుని వచ్చాడు. అందరూ పాడుతూ దీపం చుట్టూ తిరిగారు. వాళ్ళిద్దరూ మాత్రం దూరంగా, గోడ దగ్గరే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు.